నా ఉత్తరం ఎవరి పేరు మీద పోయింది?

సంపాదకుల వారికి,

నేను మహబూబ్‌నగర్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం తపాల్ సెక్షన్‌లోనే గడిచింది. వచ్చిన ప్రతి కాగితానికి ఇన్‌వర్డ్ నంబరు, పోయే ప్రతి కాగితానికి అవుట్‌వర్డ్ నంబరు, ఊళ్లోనే ఇచ్చి రావాల్సినవైతే ప్యూన్ బుక్‌లో సంతకం. 2016 అక్టోబరు 11న పాత పాలమూరు జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడిపోయాక అక్కడికి పోవాల్సిన కాగితాలు చాలాకాలం మా దగ్గరికే వచ్చేవి. అన్నిటినీ ఓపిగ్గా దారి మళ్లించాం, ఒక్కటీ తప్పిపోలేదు. అట్లాంటి నేను నా ఇంట్లో, నా బల్ల మీద, నా ఉత్తరమే పోగొట్టుకున్నాను.

మా ఇంటావిడకు మోకాలి ఆపరేషన్ అయింది. ఇన్సూరెన్స్ క్లెయిం కాగితాలు ఈమెయిల్‌లో పంపమన్నారు. కంపెనీ వెబ్‌సైటులో వాళ్ల అడ్రసు నీలం రంగులో కనబడితే దాని మీద నొక్కాను. తెల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంది, పైన వాళ్ల అడ్రసు దానంతటదే పడి ఉంది. బాగుందే అనుకున్నాను. విషయం రాసి, స్కాన్ చేసిన ఐదు కాగితాలు జత చేసి సెండ్ నొక్కాను. కిటికీ మూసుకుపోయింది. నా మటుకు నాకు కాగితం అవుట్‌వర్డ్ అయినట్టే.

మూడు వారాలు చూశాను. జీమెయిల్ తెరిచి రోజుకు రెండుసార్లు ఇన్‌బాక్స్, స్పామ్ వెతకడమే పని. చివరికి ఫోన్ చేస్తే "మీకు మెయిల్ పంపాం సార్, జవాబు రాలేదని క్లెయిం క్లోజ్ చేశాం" అన్నారు. ఏ అడ్రసుకు పంపారమ్మా అని అడిగితే ఆ అమ్మాయి చదివి వినిపించింది. మా అల్లుడి పేరు!

సంగతి ఏమిటంటే, మా కంప్యూటర్ అల్లుడు వాడి ఇచ్చింది. ఆయన ల్యాప్‌టాప్ కొనుక్కున్నాక డెస్క్‌టాప్ మాకు పంపించారు. ఫొటోలు, ఫైళ్లు అన్నీ తీసేశారు గానీ ఔట్‌లుక్ ప్రోగ్రాంలో తన పాత మెయిల్ ఖాతా అట్లాగే ఉండిపోయింది. ఈమెయిల్ అడ్రసు మీద ఎవరు నొక్కినా ఆ ప్రోగ్రామే తెరుచుకునేలా ముందునుంచీ ఉంది. నాకు జీమెయిల్ అంటే క్రోమ్‌లో తెరిచి చూసుకునే పేజీ. నేను నొక్కినప్పుడు తెరుచుకున్న కిటికీ వేరే ప్రోగ్రాందని నాకు తట్టనే లేదు. రాసుకునే కిటికీ ఒక్కటే వస్తుంది, ఇన్‌బాక్స్ కనబడదు కదా. ఔట్‌లుక్‌ను మొదటిసారి పూర్తిగా తెరిచిన రోజు గలగలమంటూ వందల మెయిళ్లు దిగాయి. చెప్పుల డిస్కౌంట్లు, విమానం టికెట్ల ఆఫర్ల మధ్యలో ఇన్సూరెన్స్ వాళ్ల జవాబు: డిశ్చార్జి సమ్మరీ రెండో పేజీ సరిగ్గా కనబడటం లేదు, పదిహేను రోజుల్లో మళ్లీ పంపండి. ఆ పదిహేను రోజులూ దాటిపోయాయి.

అల్లుడు పాపం "నాదే పొరపాటు మామయ్యా" అన్నారు. ఆయన్ను ఏమనగలం? ఊళ్లో కంప్యూటర్ బాగుచేసే కుర్రవాణ్ని అడిగితే "అది డిఫాల్ట్ సార్" అని తేలిగ్గా చెప్పాడు. మాకు తెలిసిన డిఫాల్టర్ అంటే అప్పు ఎగ్గొట్టినవాడు. ఈ డిఫాల్ట్ వేరు. మీరు ఎవరినీ పనికి పెట్టుకోకపోతే ముందే పనిలో కూర్చున్నవాడు. మా సెక్షన్ లెక్కలో చెప్పాలంటే, నన్ను అడగకుండా నా తపాల్ ఎవరి చేతికో ఇచ్చేశారు.

దీన్ని మార్చడం కష్టమేమీ కాదు, ఆ దారి ఉందని తెలియకపోవడమే కష్టం. విండోస్ 10లో సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్ అని వెళితే ఈమెయిల్ పక్కన ఏ ప్రోగ్రాం ఉందో కనబడుతుంది. నొక్కి మార్చుకోవడమే. విండోస్ 11లో అదే డిఫాల్ట్ యాప్స్‌లో పైనున్న గడిలో మెయిల్‌టూ (mailto) అని ఇంగ్లీషులో టైపు చేయాలి. అడ్రసు మీద నొక్కినప్పుడు కంప్యూటర్ లోపల నడిచే పదం అదేనట. మనకెట్లా తెలుస్తుంది?

జీమెయిల్‌నే క్రోమ్‌లో వాడుకునేవాళ్లకు రెండు మెట్లున్నాయి. విండోస్‌లో ఈమెయిల్ పనికి క్రోమ్‌ను పెట్టాలి. తర్వాత జీమెయిల్ తెరిచి, పైన అడ్రసు బార్ చివర వచ్చే చిన్న గుర్తు నొక్కి, ఈమెయిల్ లింకులు జీమెయిల్‌లో తెరవడానికి ఒప్పుకోవాలి. మొదటిది చేసి రెండోది వదిలేస్తే పని కాదు.

నేను మాత్రం ఆ దారిలో పోలేదు. నాకు స్కాన్ చేసిన కాగితం మీద రైట్ క్లిక్ చేసి, సెండ్ టూలో మెయిల్ రెసిపియెంట్ అని నొక్కి పంపడం అలవాటైంది. క్రోమ్‌లోని జీమెయిల్‌తో అది కుదరదు. దానికి కంప్యూటర్‌లో కూర్చుని ఉండే ప్రోగ్రాం కావాలి. విండోస్‌తో వచ్చే పాత మెయిల్ యాప్‌కు మైక్రోసాఫ్ట్ 2024 డిసెంబరు 31తో సెలవిచ్చి, దాని బదులు కొత్త ఔట్‌లుక్‌ను తెచ్చింది. అందులో నా జీమెయిల్ కలపబోతే మెయిళ్ల నకలు మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో కూడా ఉంటుందని చెప్పి అనుమతి అడిగింది. అడిగినందుకు మెచ్చుకోవాలి గానీ, ఒక ఉత్తరానికి రెండు ఆఫీసుల్లో నకళ్లు నాకెందుకు? వద్దన్నాను. మొజిల్లా వాళ్ల థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం పెట్టుకున్నాను. 2004 నుంచి ఉన్నదే, డబ్బు కట్టనక్కర్లేదు. పేరు, అడ్రసు ఇస్తే మిగతాది అదే వెతుక్కుంది, గూగుల్ కిటికీలో పాస్‌వర్డ్ కొట్టాను, అంతే. మెయిల్ తెచ్చుకునే పద్ధతి ఐమ్యాపా (IMAP), పాపా (POP) అని ఒక్కచోట అడిగింది. ఐమ్యాప్ అన్నాను. అట్లా అయితే మెయిల్ గూగుల్ దగ్గరే ఉండి, ఫోన్‌లోనూ ఇక్కడా ఒకేలా కనబడుతుంది. నాలాగే చేయమని ఎవరికీ చెప్పను. ఎవరి వాడుక వాళ్లది.

నేను అడిగేది రెండే. కంప్యూటర్లు అమ్మే షాపుల వాళ్లు, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌వి అమ్మేవాళ్లు, పెట్టె చేతికిచ్చే ముందు "మీ మెయిల్ ఏది సార్, దేంట్లో చూస్తారు?" అని ఒక్క మాట అడిగి పెట్టి ఇవ్వాలి. వాల్‌పేపర్ మీద షాపు పేరు వేయడానికి ఉన్న తీరిక దీనికీ ఉంటుంది. రెండోది ఆఫీసులకు, కంపెనీలకు. వెబ్‌సైటులో "మాకు రాయండి" అని ఒక బటన్ పెట్టి ఊరుకోకుండా, పక్కనే ఈమెయిల్ అడ్రసు అక్షరాల్లో రాయండి. నొక్కితే ఏం తెరుచుకుంటుందో తెలియని నాబోటివాళ్లు కాపీ చేసుకుని మాకు అలవాటైన చోట నుంచి పంపుకుంటాం.

క్లెయిం మళ్లీ తెరవమని దరఖాస్తు పెట్టాను, ఇంకా తేలలేదు. ఈసారి రెండో పేజీని షాపులో స్కాన్ చేయించాను, మావిడ డిశ్చార్జి తేదీ అద్దంలా కనబడుతోంది.

ఈ ఉత్తరం కూడా ఈమెయిల్‌లోనే పంపుతున్నాను. ఫ్రమ్ అన్న చోట నా అడ్రసే ఉందని రెండుసార్లు చూసుకున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సీనియర్ అసిస్టెంట్,
మెట్టుగడ్డ, మహబూబ్‌నగర్

(అల్లుడి ప్రస్తావన ఉంది కాబట్టి పేరు వేయవద్దని మనవి.)