కచేరీల్లో తంబుర వినపడనివ్వండి

సంపాదకుల వారికి,

మా విజయనగరంలో నవమి పందిళ్లలో, గుడి ఉత్సవాల్లో జరిగే కచేరీల్లో ఈ మధ్య ఒక అలవాటు ముదురుతోంది. పాట మొదలవగానే మైక్ సెట్ కుర్రాడు, పాటకి ఆధారమైన స్వరాన్ని (శ్రుతిని) వెనక ఆగకుండా మోగించే తంబుర సౌండ్ తగ్గించేస్తున్నాడు. అడిగితే, "అది ఊరికే జుమ్మని వస్తోందండి, గొంతు క్లియర్‌గా వినపడాలి కదా" అంటాడు. మంచి ఉద్దేశమే. పాడేవాళ్లకి పక్కనే చిన్న స్పీకర్ ఉంటుంది కనుక శ్రుతికి లోటుండదు. నష్టమంతా వెనక కుర్చీల్లో కూర్చున్నవాళ్లకి, అందులోనూ సంగీతం నేర్చుకోనివాళ్లకి.

నా దగ్గరికొచ్చే పిల్లలకి హార్మోనియం మీద ఒక పాఠం చెబుతాను. నల్ల మెట్లే వాయించాలి, తెల్లవి ముట్టుకోకూడదు. మూడు నల్ల మెట్లున్న గుంపులో మొదటిదానికి శ్రుతిపెట్టె (తంబురలా ఆగకుండా మోగే పెట్టె) కలిపి, దాన్నే షడ్జమం (స, అంటే ఆధార స్వరం) చేసుకుంటే మోహన రాగం పలుకుతుంది. శ్రుతిని రెండో మెట్టుకి జరిపితే అవే మెట్లు మధ్యమావతి అవుతాయి, మూడోదానికి జరిపితే హిందోళం. పక్కనున్న రెండు మెట్ల గుంపులో మొదటిది ఆధారమైతే శుద్ధ సావేరి, రెండోది అయితే ఉదయరవిచంద్రిక. పెద్దలు దీన్ని గ్రహభేదం అన్నారు. హార్మోనియం మీద గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) పలకదు కనుక రాగాల రూపురేఖలే వస్తాయి, నిజమే. అయినా రాగం పేరు తెలియని పిల్లలు సైతం "ఇది వేరే పాట టీచర్" అనేస్తారు. వాయించిన మెట్లు అవే, వాళ్ల మనసు వాటిని కొత్త షడ్జమం చుట్టూ మళ్లీ సర్దుకుంది.

ఇదే శక్తి ఇంకో రకంగానూ పనిచేస్తుంది. ఒకే కీర్తనని ఒకరు ఒకటిన్నర శ్రుతిలో, ఇంకొకరు ఐదున్నరలో పాడినా అదే పాటని గుర్తుపడతాం. స్వరాల స్థాయి మొత్తం మారినా వాటి మధ్య సంబంధం నిలిస్తే పాట నిలుస్తుందని ఆస్ట్రియా తత్వవేత్త ఎరెన్‌ఫెల్స్ 1890లోనే రాశాడు. 1984లో కాస్తెల్లానో, భరూచా, క్రుమ్‌హాన్సల్ అనే పరిశోధకులు పది హిందుస్తానీ రాగాలు వినిపించి, ఆ రాగంలో ఏ స్వరం ఎంత బాగా ఇమిడిందో శ్రోతలని అడిగారు. మన సంగీతంతో పరిచయం లేని పాశ్చాత్యులు కూడా షడ్జమ పంచమాలకి (స, ప స్వరాలకి) పెద్దపీట వేశారు. ఆగకుండా మోగే శ్రుతి, ఎక్కువసేపు నిలిచే స్వరాలు వాళ్లకి దారి చూపాయి.

ఇక ఆలాపన (సాహిత్యం లేకుండా రాగాన్ని పాడటం) సంగతి చూడండి. గాయని మోహనంలో గాంధారం (గ) మీద చాలాసేపు నిలిస్తే, వెనక తంబుర లేనప్పుడు కొత్త శ్రోత చెవి ఆ గాంధారాన్నే ఆధారమనుకోవచ్చు. అప్పుడు ఆమె ఎంత చక్కగా షడ్జమానికి తిరిగి వచ్చినా, ఇంటికి చేరిన ఆ హాయి అతనికి అందదు. "శాస్త్రీయ సంగీతం మాకు అర్థం కాదండీ" అని లేచి వెళ్లిపోతాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు చాలా బాధేస్తుంది. అర్థం చేసుకునే చెవి అతనికి ఉంది, పట్టుకోవాల్సిన ఆధారాన్ని మనమే తీసేశాం.

ఉత్సవ కమిటీలవారికి నా మనవి ఒకటే. కచేరీలో ముందుగా పాడే వర్ణం మొదలవక ముందే మీలో ఒకరు చివరి వరసలో కూర్చుని, తంబుర అక్కడిదాకా వినపడుతోందో లేదో మైక్ సెట్ కుర్రాడికి చెప్పండి.

- ఒక రిటైర్డ్ సంగీతం టీచర్, విజయనగరం