లప్పం కింద అంకెలు

తణుకు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో అడిగావు చూడు, "ఆ డబ్బులకి కొత్త థార్ జీపు వచ్చేదిగా, ఈ పాత ఇనుము కొన్నావేంట్రా?" అని. ఆ హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇది ఫోన్లో తేలే విషయం కూడా కాదు. కాఫీ కలుపుకుని తీరిగ్గా చదువు.

ఈ పాత జీపు మా మేనమామగారి ఊరి దగ్గర ఒక పాత రైస్‌మిల్లులో దొరికింది. తవుడు బస్తాల వెనక, నాలుగు టైర్లూ నేలకి అతుక్కుపోయి ఉంది. బానెట్ మీద కోడి పొదుగుతోంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిలిటరీ వేలంలో వాళ్ళ తాతగారు కొన్నారట. నేను రంగూ చూడలేదు, టైర్లూ చూడలేదు. కింద పడుకుని టార్చి వేసి, గ్రిల్లు వెనక ఛాసిస్‌కి అడ్డంగా ఉండే కమ్మీ చూశాను. అది గుండ్రటి గొట్టమైతే బండి విల్లీస్ కంపెనీది, పలకగా ఉంటే ఫోర్డ్ వాళ్ళది. గొట్టమే ఉంది! గ్రిల్లుకి తొమ్మిది చీలికలు. తర్వాత మామూలు జనానికి అమ్మిన జీపులకి ఏడే ఉంటాయి. అంటే ఇది యుద్ధం జీపే.

1941 నుంచి 45 దాకా ఆ రెండు కంపెనీలూ కలిపి ఒకే నమూనాలో దాదాపు 6,40,000 జీపులు చేశాయి. దీని సామాను దానికి, దాని సామాను దీనికి సరిపోవాలని సైన్యం షరతు. ఫోర్డ్ వాళ్ళు మాత్రం తమ బోల్టుల తలల మీద కూడా చిన్న 'ఎఫ్' అక్షరం అచ్చు కొట్టేవాళ్ళు. మన విల్లీస్‌కి వెనక బంపరు బోల్టుల్లో మూడింటి మీద ఆ ఎఫ్ ఉంది. ఎప్పుడో ఏదో మిలిటరీ వర్క్‌షాపులో చేతికందినవి బిగించి పంపేసి ఉంటారు. తుప్పు తుడిచి ఆ అక్షరం మీద వేలు పెట్టినప్పుడు ఒళ్ళు ఝల్లుమందిరా.

అసలు సంగతి బానెట్‌ది. దాని మీద ఎన్ని రంగులు వేశారో లెక్కలేదు. పైన పసుపు, దాని కింద తెలుపు, తర్వాత లప్పం, ఆ కింద రెడాక్సైడు. డ్రైవరు వైపు నేనే కూర్చున్నాను. డ్రైవరు వైపంటే ఎడమ వైపు, ఇది లెఫ్ట్‌హ్యాండ్ బండి కదా. నీళ్ళ కాగితం తడిపి మెల్లగా, గుండ్రంగా రుద్దుతున్నాను. మూడో రోజు సాయంత్రం పాచి పట్టినట్టున్న ముదురాకుపచ్చ తేలింది. దాని మీద వెలిసిపోయిన నీలం రంగులో ఒక '2', పక్కన '0'. అమెరికన్ సైన్యం జీపుల నంబర్లన్నీ 20తోనే మొదలవుతాయి. అలాగే నేల మీద కూర్చుండిపోయాను. మీ చెల్లెలు అన్నానికి మూడుసార్లు పిలిచిందట, నాకు వినపడనే లేదు.

ఇక బాధ కూడా చెప్పాలి. బానెట్‌కి రెండు వైపులా అదే నంబరు ఉండేది. నేను ఇంట్లోకి వెళ్ళొచ్చేలోపు రంగు పనికి వచ్చిన కుర్రాడు అవతలి వైపు గ్రైండరు పెట్టేశాడు. ఐదు నిమిషాల్లో ఇనుము తళతళా మెరుస్తోంది. వాడు పని బాగా చేశాననుకుని నా వంక చూసి నవ్వాడు. వాణ్ణి ఏమనగలను? ముందే చెప్పకపోవడం నా తప్పే. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఇంజను చూసిన మేస్త్రీలందరిదీ ఒకే మాట: "ఇది తీసేసి డీజిల్ ఇంజను ఎక్కించండి సార్, మైలేజీ వస్తుంది." మన వైపు పెట్రోలు జీపుల్లో చాలావాటికి అదే గతి పట్టింది. నేను ఒప్పుకోలేదు. 2.2 లీటర్లు, 60 హార్స్‌పవరు, ఆ రోజుల్లో దానికి గో డెవిల్ అని పేరు. ఈ బండి ప్రాణమే అది. ఇంకో కారణం కూడా ఉంది. 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా ఉంచిన బండ్లకి 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది. నంబరు ప్లేటులో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని వస్తుంది. ఫీజు 20,000, గడువు పదేళ్ళు. రోజువారీ తిరుగుళ్ళకి పనికిరాదు గానీ ర్యాలీకో ప్రదర్శనకో తీసుకెళ్ళొచ్చు. డీజిల్ ఎక్కించి ఉంటే అదీ పోయేది. కాగితాలు పెట్టాను, చూడాలి.

ఈలోగా మన పొలంలోనే సరదా తీర్చుకుంటున్నాను. మొన్న వాన పడ్డాక కొబ్బరితోట వెనక బురదలోకి దించాను. గేరు రాడ్డు పక్కన చిన్న రాడ్లు రెండుంటాయి. ఒకటి ముందు చక్రాలకి బలం ఇచ్చేది, రెండోది హై, లో మార్చేది. మొదటిది వేస్తేగానీ లో పడదు. అంత బలమూ వెనక ఇరుసు ఒక్కటే మోయలేదని అలా కట్టారు. లో వేసి, సెకండు గేరులో, యాక్సిలరేటరు మీద కాలు ఆనించీ ఆనించనట్టు పెట్టాను. అరటిమొక్కలు వేసే గుంట దగ్గర ఒక్క క్షణం ఆగి, ముక్కు పైకెత్తి, గేదె చెరువులోంచి గట్టెక్కినట్టు ఎక్కేసింది. మా పాలేరు చప్పట్లు కొట్టాడు.

ఇంకోటి చెప్పనా? హెడ్‌లైట్ల వెనక ఒక రెక్కల నట్టు ఉంటుంది. దాన్ని వదులు చేస్తే లైటు వెనక్కి తిరిగి ఇంజనులోకి పడుతుంది, రాత్రిపూట రిపేరు చేసుకోవడానికి. నిన్న కరెంటు పోతే ఆ 6 వోల్టుల పసుపు వెలుతురులోనే కార్బరేటరు విప్పి శుభ్రం చేశాను. ఇలాంటి ఆలోచన చేసిన మనిషికి దణ్ణం పెట్టాలి.

బండితో పాటు దాని తాలూకు సామాను కూడా పోగేస్తున్నాను. హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డ సంతకి పోతున్నా. అక్కడ ఒక జెర్రీ క్యాను, అంటే మిలిటరీ వాళ్ళు పెట్రోలు మోసే రేకు డబ్బా, దొరికింది. అడుగున 20-5-43 అని అచ్చు ఉంది. "1943 మే 20న తయారైంది సాబ్" అని అమ్మేవాడు ధర పెంచాడు. నిజానికి అది తేదీ కాదు: రేకు మందం 20 గేజి, పట్టేది 5 గ్యాలన్లు, 43వ సంవత్సరం. అయినా అడిగినంతా ఇచ్చేశాను, వస్తువు అసలైనదే కదా. ఇక కలలో కూడా వెతికేది ఒకటుంది. తర్వాత ఈ విల్లీస్ జీపుల్ని మన దేశంలో బిగించి అమ్మిన మహీంద్రా కంపెనీ 1945లో పుట్టినప్పుడు పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. ఆ గులాం మొహమ్మద్‌గారు విభజన తర్వాత పాకిస్తాన్‌కి మొదటి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో ఇక్కడ పేరు మారింది. ఆ పాత పేరు అచ్చయిన ఒక్క బిల్లు కాగితం దొరికినా చాలు, ఫ్రేము కట్టించి హాల్లో పెడతాను.

నువ్వు అమెరికాలో, కొలంబస్‌లో ఉన్నావు కాబట్టి నీకు రెండు పనులు. విల్లీస్ పుట్టిల్లు టొలీడో మీకు రెండు మూడు గంటల దారి. పాత ఫ్యాక్టరీ కూల్చేశారు గానీ, ఇటుకలతో 'ఓవర్‌ల్యాండ్' అని రాసిన పొగగొట్టం ఒకటి ఉంచారు (కంపెనీ పూర్తి పేరు విల్లీస్-ఓవర్‌ల్యాండ్). దాని కింద నిలబడి ఒక ఫోటో దిగు. రెండోది, జూన్‌లో పెన్సిల్వేనియాలోని బట్లర్‌లో జీపుల పండగ జరుగుతుంది. బాంటమ్ అనే చిన్న కంపెనీ 1940లో 49 రోజుల్లో మొట్టమొదటి నమూనా చేసిన ఊరు అది. తర్వాత పెద్ద ఆర్డర్లు విల్లీస్, ఫోర్డ్‌లకి పోయాయనుకో, అది నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది. పిల్లల్ని తీసుకుని వెళ్ళు. అక్కడ పాత సామాను కనపడితే, ఏ గేరులో ఎంత స్పీడు దాటకూడదో చెప్పే పలక ఉందేమో చూడు. మా గ్లోవ్ బాక్స్ మూత మీద స్క్రూ కన్నాలే మిగిలాయి. కొత్తగా అచ్చు వేసినది వద్దు. సీరియల్ నంబరున్న పలక అసలే వద్దు, అది ఇంకో బండి పేరు, మనం పెట్టుకోకూడదు.

బానెట్ ఫోటో ఇందులో పెడుతున్నాను. 2, 0 తర్వాత 4 స్పష్టంగా ఉంది. నాలుగో అంకె నాకు 3లా ఉంది, మీ చెల్లెలు 8 అంటోంది. కిటికీ దగ్గర వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూసి, నీకేమనిపిస్తే అది వెంటనే రాయి.

నీ,
బావ