వరద నెలల్లో లంక గ్రామాల పాస్టర్లకు చేయూత: సంఘ కమిటీ విజ్ఞప్తి

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో సంఘస్థులకు, పొరుగూళ్ల విశ్వాసులకు, ఉపాధి కోసం దూరదేశాల్లో ఉంటున్న మన బిడ్డలకు వందనాలు.

ఈసారి అడుగుతున్నది మందిరానికి రంగుల కోసమో, కొత్త మైకు సెట్టు కోసమో కాదు. మన మందిరం బాగానే ఉంది. గోదావరి పాయల మధ్య లంకల్లో, ఏటిగట్టు వెంబడి పేటల్లో చిన్న చిన్న సంఘాలను కాస్తున్న పాస్టర్ల ఇళ్ల కోసం అడుగుతున్నాం.

వీరికి నెల జీతం లేదు. సంఘంలో దాదాపు అందరూ కూలీలే. సార్వా (ఖరీఫ్) నాట్లు, దాళ్వా (రబీ) కోతలు సాగినన్నాళ్లు కానుక సంచిలో నాలుగు నోట్లు పడతాయి. నాట్లు ముగిసి గోదావరి పోటెత్తిందంటే కూలి ఉండదు, కొబ్బరి వలుపు కూడా ఆగిపోతుంది. జ్వరాలు, అప్పులవాళ్ల ఒత్తిడి, ఇళ్లలోకి నీళ్లు అన్నీ ఆ రోజుల్లోనే. పాస్టరుగారి అవసరం ఊరికి ఎక్కువగా పడేదీ అప్పుడే, ఆయన ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమయ్యేదీ అప్పుడే.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మూడో హెచ్చరిక దాకా ఆగనక్కర్లేదు, అంతకు చాలా ముందే కాజ్‌వేలు మునిగి కొన్ని లంకలకు పడవే దిక్కవుతుంది. 2022 జూలైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన సంగతి ఎవరూ మరచిపోలేదు. అటువంటి వేళ ముసలివాళ్లను పడవ ఎక్కించేది, కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన తల్లికి ఫోను చేసి పిల్లలు గట్టు మీద క్షేమంగా ఉన్నారని చెప్పేది ఎక్కువగా పాస్టరుగారే. ఏ మతంవాళ్ల ఇల్లు అని ఆయన చూడరు. చూస్తే మేము ఊరుకోం కూడా.

చాలా లంకల్లో ఇప్పటికీ పిడికెడు బియ్యం పద్ధతి ఉంది. ఎసట్లో పోసే ముందు ఇంటి ఇల్లాలు ఒక పిడికెడు తీసి కుండలో వేస్తుంది, ఆదివారం అది మందిరానికి వస్తుంది. ఆ సంచిలో రేషను బియ్యం, పాత బియ్యం, కోత కూలికి వచ్చిన కొత్త బియ్యం అన్నీ కలిసి ఉంటాయి. ఒకటి ఉడికేసరికి మరొకటి చిమిడిపోతుంది. అందుకే పాస్టరమ్మగారు అన్నం వార్చడం మానేసి జావగా కాస్తారు. ఇచ్చిన చేతుల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు, వారు తమ శక్తికి మించి ఇచ్చారు. మనం ఏమిచ్చాం అన్నదే ప్రశ్న.

“దేవుని సేవకుడు విశ్వాసంతో బతకాలి గానీ చందాలతో కాదు” అని కొందరు పెద్దలు అన్నారు. ఆ మాటను కొట్టిపారేయం. 1836లో ఇంగ్లండ్ నుంచి బయలుదేరి ఈ నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలకు చేరిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ ఏ సంస్థ జీతమూ లేకుండానే వచ్చారు. ఒకరిది రాతిపని, మరొకరిది చెప్పులు కుట్టే వృత్తి. అయితే వారి విశ్వాసానికి జవాబుగా స్వదేశంలోని విశ్వాసులు కానుకలు పంపారు. అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టిన మాట నిజమే, ఫిలిప్పీ సంఘం పంపినది అందుకున్న మాటా నిజమే. మన పాస్టర్లు చాలామంది వారంలో రొయ్యల చెరువుల దగ్గరో, కొబ్బరితోటల్లోనో పనిచేస్తూనే ఉన్నారు. వరదలో ఆ పనీ ఉండదు.

వచ్చిన సొమ్ము జూలై నుంచి అక్టోబరు వరకు బియ్యం, పప్పు, నూనె, గ్యాసు బండ, బండికి పెట్రోలు, పిల్లల పుస్తకాలు, మందుల ఖర్చుకు వెళుతుంది. సభలకు, శాలువాలకు రూపాయి కూడా వాడం. సాయం అందుకున్న కుటుంబాన్ని వరుసగా నిలబెట్టి ఫొటో తీయడం మాకు ససేమిరా ఇష్టం లేదు, అందుకని ఫొటోలు అడగవద్దు. లెక్క మాత్రం ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన తర్వాత చదివి, నోటీసు బోర్డు మీద అంటిస్తాం.

దూరదేశాల్లో ఉన్నవారికి ఒక మాట. గల్ఫ్‌లో పనిచేస్తున్న భారత పౌరులు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవారు పంపేది మాత్రం చట్టం ప్రకారం విదేశీ విరాళమే. దానికి కావలసిన నమోదు మన సంఘానికి లేదు కనుక ఎంత ప్రేమతో పంపినా తిప్పి పంపవలసి వస్తుంది, నొచ్చుకోవద్దు.

నెలకు 200 రూపాయల చొప్పున నాలుగు నెలలు ఇవ్వగలిగినవారు కోశాధికారి దగ్గర చందా పట్టికలో పేరు రాయించండి. ఒకేసారి ఇచ్చేవారైనా రసీదు అడిగి తీసుకోండి. డబ్బు వీలుకానివారు బియ్యం ఇవ్వవచ్చు, దయచేసి ఒకే రకం బియ్యం, పురుగు లేనివి, కట్టిన సంచిలో. మొదటి విడత సరుకులు రేవు దాటాలి కాబట్టి జూన్ చివరి ఆదివారంలోగా చేర్చండి.

ఇట్లు,
సంఘ పెద్దలు, కోశాధికారి, స్త్రీల సమాజం