లీటర్లు సరే, కోడెదూడల లెక్కేది?

గౌరవనీయులైన కేంద్ర మత్స్య, పశుసంవర్ధక, పాడి పరిశ్రమల శాఖ మంత్రిగారికి,

నమస్కారం. పాడి పశువుల పరిశోధనకు పెడుతున్న డబ్బులో కొంత, పాలివ్వని పశువుల మీద కూడా పెట్టమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాల విషయంలో మన లెక్కలు పకడ్బందీగా ఉంటాయి. 2023-24లో దేశంలో దాదాపు 23.9 కోట్ల టన్నుల పాలు వచ్చాయని మీ శాఖే చెప్పింది. పాలకేంద్రంలో ఫ్యాట్ ఒక పాయింటు తగ్గినా చీటీలో పడుతుంది, డబ్బులు కోసేస్తారు. అదే ఇంటి కొట్టంలో పుట్టిన కోడెదూడ ఆర్నెల్లకి ఏమైందో మాత్రం ఏ చీటీలోనూ ఉండదు.

2012 పశుగణనలో ఆవుజాతి మగ పశువులు సుమారు 6.79 కోట్లు. 2019కి అవి 4.74 కోట్లకు పడిపోయాయి. అదే ఏడేళ్లలో ఆడవి 18 శాతం పెరిగాయి. ట్రాక్టర్లొచ్చాయి, ఎద్దులతో పనేముంది అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. ఎద్దులు ఎందుకు అక్కర్లేకపోయాయో దాంతో తెలుస్తుంది గానీ, ఎటు పోయాయో తెలియదు. ఆడదూడలే పుట్టేలా వేసే వీర్యం సూది 2019 నాటికి పల్లెలకు పెద్దగా చేరనేలేదు. అంటే దూడలు సగం కోడెలు, సగం పెయ్యలుగానే పుట్టి ఉండాలి. అదే గణనలో దిక్కులేకుండా తిరుగుతున్న పశువులు 50 లక్షలని తేలింది. మరి మిగతావి?

మాదీ పాడి ఉన్న ఇల్లే కాబట్టి కొంతవరకు చెప్పగలను. జెర్సీ క్రాస్ ఆవు ఈని పెయ్య పుడితే ముర్రుపాలు కడుపునిండా తాగనిస్తారు. కోడె పుడితే, తల్లి చేపేదాకా రెండు గుక్కలు కుడవనిచ్చి మెడతాడు పట్టి లాగేస్తారు. దానికి మూపురం ఉండదు, మెడ మీద కాడి సరిగ్గా నిలవదు. ఎండకు నాలుక బయటపెట్టి రొప్పుతుంది. సంతకు తోలుకెళ్తే అడిగే నాథుడుండడు. నెల తిరిగేసరికి డొక్కలు తేలతాయి. ఇందుకు రైతును తిట్టి లాభం లేదు. ఆ దూడ తాగే పాలే ఆ ఇంటి దాణా ఖర్చు. పశువును మేపలేడు, గోవధ నిషేధ చట్టం ఉంది కాబట్టి అమ్మాలంటే భయం, ఏ రాత్రో ఊరి పొలిమేర దాటించి వదిలేస్తాడు. తెల్లారేసరికి అది పక్క ఊరి రైతు చేలో ఉంటుంది.

రాజ్యాంగం 48వ అధికరణ ఒకే వాక్యంలో రెండు పనులు చెప్పింది: పశుపోషణను ఆధునిక శాస్త్రీయ పద్ధతుల్లో నడపాలి, ఆవులు, దూడల వధను నిషేధించడానికి చర్యలు తీసుకోవాలి. మొదటిదానికి కర్నాల్‌లో పాడి పరిశోధనకు, ఇజ్జత్‌నగర్‌లో పశువైద్య పరిశోధనకు గొప్ప సంస్థలున్నాయి. రెండోదానికి రాష్ట్రాలు చట్టాలు చేశాయి. ఈ రెండూ ఒకే కొట్టంలో తగులుకున్నప్పుడు ఏం జరుగుతుందో చూడమని ఇప్పుడు ఎవరికి అప్పగించారు? 1960లలో వి.ఎం. దండేకర్, కె.ఎన్. రాజ్ లాంటి ఆర్థికవేత్తలు పశువుల సంఖ్య గురించి గట్టిగానే చర్చించారు. కానీ అప్పటి సేద్యం ఎద్దుల మీద నడిచేది. నేటి కొట్టానికి ఆ లెక్కలు సరిపోవు.

సాధనం మీ చేతిలోనే ఉంది. పశువు చెవికి 12 అంకెల పసుపు ట్యాగు వేయిస్తున్నారు కదా. టీకాకీ, ఎద సూదికీ వాడుతున్న ఆ నంబరునే పుట్టుక నుంచి చావు దాకా వెంటాడించండి. దూడ పుట్టిన వారంలోనే ట్యాగు పడాలి. ఆవు వట్టిపోయాక ఎన్నాళ్లు మేపారు, ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు అన్నవి నమోదు కావాలి. నిజం చెబితే కేసు పెడతారన్న భయముంటే రైతు నోరు విప్పడు. అందుకే ఆ వివరాలు పోలీసులకు చేరవని రాతపూర్వకంగా హామీ ఇవ్వండి. పశువైద్యులతో పాటు సమాజాన్ని చదివినవాళ్లనూ పంపండి. వాళ్లు అరుగు మీది మగవాళ్లను కాకుండా కొట్టంలోని ఆడవాళ్లను అడగాలి. పేరు ఎవరిదైనా పేడ తీసేది, కుడితి పెట్టేది, ఏ దూడకు ఎన్ని పాలు వదలాలో తేల్చేది వాళ్లే.

ఇప్పుడు ఆడదూడల సూది వచ్చింది, పదింటికి తొమ్మిది పెయ్యలే పుడతాయంటారు. మంచిదే. కానీ ఆ పెయ్యలూ ఓ నాటికి ముసలివవుతాయి.

ఇంకొక మాట. 2020లో దేశవాళీ ఆవు పాలు, పేడ, మూత్రాల మీద కేంద్రం పరిశోధన ప్రతిపాదనలు పిలిస్తే వందలమంది శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. జవాబు ముందే పెట్టుకుని వెతికితే అది పరిశోధన కాదని వాళ్ల వాదన. ఈ అధ్యయనానికీ ఆ గతి పట్టకూడదంటే, ఫలితం ఎవరికి చేదుగా ఉన్నా యథాతథంగా అచ్చువేస్తామని మొదలుపెట్టక ముందే ప్రకటించండి.

దేశమంతా ఒకేసారి అక్కర్లేదు. ప్రకాశం జిల్లాతో మొదలుపెట్టండి. బ్రెజిల్ మందలను నింపిన ఒంగోలు జాతి అక్కడిదే. మూపురమున్న కోడె బతుకూ, లేని కోడె బతుకూ పక్కపక్కనే చూడొచ్చు. వచ్చే బడ్జెట్‌లో దీనికి ఒక పద్దు పెడతారా లేదా అన్నది మీరు బహిరంగంగానే చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాడి రైతు