గుడ్లగూబ నాణెం కొనేముందు గ్లాసెడు నీళ్లు

సంపాదకులకు నమస్కారం.

ప్రాచీన నాణేల గురించి పత్రికల్లో ఏదైనా వచ్చినప్పుడు సాధారణంగా ఒకవైపు ఫొటో, పక్కన ధర ఉంటాయి. బరువు ఉండదు, అడ్డకొలత ఉండదు, రెండోవైపు కనిపించదు. గ్రీకు వెండిలో అసలుకూ నకిలీకీ తేడా వెతకడం మొదలయ్యేదే ఆ మూడింటితో. అందుకే ఈ ఉత్తరం.

కొత్తగా సేకరించేవాళ్ల కన్ను ముందుగా పడేది ఏథెన్స్ గుడ్లగూబ మీద. ఏథెన్స్ రాజ్యంలోని లౌరియన్ గనుల వెండితో క్రీ.పూ. 5వ శతాబ్దంలో విస్తారంగా ముద్రించిన నాలుగు డ్రాక్మాల (డ్రాక్మా అంటే గ్రీకుల వెండి నాణెం) నాణెం అది. బరువు దాదాపు 17.2 గ్రాములు, అడ్డకొలత 24 మి.మీ. దగ్గర, బిళ్ల మందంగా ఉంటుంది. బొమ్మ వైపు శిరస్త్రాణంతో అథీనా దేవి, బొరుసు వైపు గుడ్లగూబ, ఆలివ్ రెమ్మ, చిన్న నెలవంక, నగరం పేరులోని మొదటి మూడు అక్షరాలు. దేవత ముఖం పక్కకు తిరిగి ఉన్నా కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్నట్టు బాదం గింజలా ఉంటుంది. పక్కచూపు కన్ను ఆ తర్వాతి శతాబ్దంలో వచ్చింది.

బరువు సరిపోయినంత మాత్రాన నమ్మకూడదు. 0.01 గ్రాము చూపే ఎలక్ట్రానిక్ త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నని నైలాన్ దారంతో కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా ముంచండి. నాణెం బరువును అప్పుడు కనిపించే అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 17.15 గ్రాముల నాణేనికి 1.65 వస్తే 10.39. మంచి వెండి 10.3 నుంచి 10.5 మధ్య ఉంటుంది. లోపల రాగి పెట్టి పైన వెండి తొడిగినది అంతకంటే బాగా దిగువకు పోతుంది. గాలి బుడగ అంటుకుంటే అసలు నాణెం కూడా నకిలీలా కనిపిస్తుంది కనుక ముందే తడిపి, నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు ద్రవం కలపాలి. మన వాయవ్య దిక్కున ఏలిన ఇండో-గ్రీకు రాజు మినాండర్ వేయించిన రెండున్నర గ్రాముల డ్రాక్మాకు ఈ పరీక్ష పనికిరాదు. అంత చిన్న నాణెంలో త్రాసు 0.01 తప్పినా ఫలితం 10 నుంచి 10.9 దాకా ఊగుతుంది.

మంచి వెండితోనే చేసిన నకిలీ ఈ పరీక్ష దాటేస్తుంది. పది రెట్ల భూతద్దంతో అంచు చుట్టూ చూడండి. అతుకు గీత, దాన్ని ఆకురాయితో అరగదీసిన గుర్తు, ఉపరితలం మీద సూదిపోటు గుంటలు, సబ్బుబిళ్లలా మొద్దుబారిన రేఖలు ఉంటే అది పోత పోసినది. అసలు నాణేలను సమ్మెటతో కొట్టి ముద్రించారు, కాబట్టి ఒకే అచ్చు నుంచి వచ్చినవైనా బిళ్ల ఆకారం, పగుళ్లు దేనివి దానివే. పగుళ్లతో సహా రెండు నాణేలు ఒకేలా ఉంటే కనీసం ఒకటి నకిలీ.

మీద కత్తిగాటు ఉందని తోసిపుచ్చవద్దు. లోపల రాగి ఉందేమోనని ఆనాటి వర్తకులే కోసి చూసేవారు. క్రీ.పూ. 375 నాటి ఏథెన్స్ చట్టం, లోపల రాగి లేదా సీసం ఉన్న నాణేన్ని పరీక్షకుడు అక్కడికక్కడే అడ్డంగా కోసేయాలని శాసించింది. ఆ శాసనం రాయి 1970లో దొరికింది.

గీటురాయి మీద గీయించడం మాత్రం దయచేసి వద్దు. చింతపండు, విబూది, పళ్లపొడి అసలే వద్దు. వెండి కంచం కడిగినట్టు కడిగితే రెండున్నర వేల ఏళ్ల మసక పొర ఐదు నిమిషాల్లో పోతుంది, మళ్లీ రాదు, ధరా పడిపోతుంది. భూమిలో వందల ఏళ్లున్న వెండి లోపల స్ఫటికాలుగా విడిపోయి పెళుసుబారవచ్చు. అలాంటిది చేయిజారి గచ్చు మీద పడితే రెండు ముక్కలు కావచ్చు. ధ్వని తరంగాలతో శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రంలోనూ అదే ప్రమాదం. మెత్తటి పీవీసీ కవర్లలో దాస్తే ఆకుపచ్చ జిగురు పట్టుకుంటుంది, దాన్ని స్వచ్ఛమైన అసిటోన్‌తో తీయవచ్చు. మైలార్ (పాలిస్టర్) కవర్లు వాడితే ఆ బెడదే ఉండదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఒక విషయం గమనించాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. వ్యక్తులు దాన్ని మన దేశం నుంచి బయటికి తీసుకెళ్లడం నేరం.

మీ పత్రికలో ఇకపై ఏ ప్రాచీన నాణెం బొమ్మ వేసినా రెండు వైపులా వేయండి. కింద బరువు రెండు దశాంశాల వరకు, అడ్డకొలత మి.మీ.లో ఇవ్వండి. ఒక్క వరుస చాలు.

– నాణేలు సేకరించే ఒక పాఠకుడు, వరంగల్