మంత్రి గారూ, క్లాసులు మొదలయ్యాయి, లైబ్రరీ ఇంకా మొదలవలేదు

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గుంటూరు, విజయవాడ ప్రాంతంలోని ఒక సర్కారు క్యాంపస్‌లో ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. క్యాంపస్ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే రేపు ఎవరో విచారణకు వచ్చి, లైబ్రరీని ఎలాగో నెట్టుకొస్తున్న ఇద్దరు కాంట్రాక్టు ఉద్యోగుల మీద నెపం వేసి వెళ్లిపోతారని భయం. వాళ్ల తప్పేమీ లేదు. మేం అర్జీలు పెట్టాం. మా డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌వోడీ) గారికి ఇచ్చాం, పై ఆఫీసులో ఇచ్చాం, సోమవారం అర్జీల్లోనూ ఇచ్చాం. ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ వచ్చిన రోజున మా జూనియర్లకు లైబ్రరీ కార్డులు లేవు. ఈ రోజుకీ లేవు. అందుకే ఇలా అందరి ముందూ మీకు రాయాల్సి వస్తోంది.

విద్యా సంవత్సరం మొదట్లో క్యాంపస్‌లో మిగతావన్నీ చకచకా జరిగిపోతాయి సార్. స్వాగతం ఫ్లెక్సీలు కడతారు, ఐడీ కార్డులకు ఫొటోలు తీస్తారు, యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్లు రాయించుకుంటారు, ఫీజు చలానాలు కట్టించుకుంటారు. ఆ చలానాలో లైబ్రరీ ఫీజు కూడా ఉంటుంది. చేరిన రోజే ఆ డబ్బు తీసుకుంటారు. పుస్తకం మాత్రం దసరా సెలవులు దాటాకగానీ చేతికి రాదు.

ఎందుకని అడిగితే, అడ్మిషన్ల తుది జాబితా రానిదే కార్డు ఇవ్వకూడదట. తుది జాబితా రావాలంటే పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ రెండో విడత కౌన్సెలింగ్ పూర్తవ్వాలి, ఆ తర్వాత స్పాట్ అడ్మిషన్లు కావాలి. అవన్నీ అయ్యాక డిపార్ట్‌మెంట్ నుంచి అకడమిక్ సెక్షన్‌కు, అక్కడి నుంచి లైబ్రరీకి ఫైలు కదలాలి. 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే పీజీసెట్ పెట్టారు. మంచిదే, ఒక్కో యూనివర్సిటీకి ఒక్కో పరీక్ష రాసే బాధ తప్పింది. కానీ మొదటి విడతలోనే సీటొచ్చి, డబ్బు కట్టి, క్లాసులో కూర్చున్న పిల్ల ఆఖరి విడతలో ఎవరో చేరేదాకా పుస్తకం లేకుండా ఎందుకు ఆగాలి? సెమిస్టర్ అంటే ఉన్నదే నాలుగైదు నెలలు. కౌన్సెలింగ్ ఆలస్యమైన ఏడాది అంత కూడా ఉండదు. కార్డు చేతికొచ్చేసరికి మొదటి ఇంటర్నల్ పరీక్ష అయిపోయి ఉంటుంది.

మా జూనియర్ ఒకమ్మాయి మాచర్ల వైపు నుంచి వచ్చింది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. క్లాసులో మేడమ్ చెప్పిన పుస్తకం పేరు చీటీ మీద రాసుకుని లైబ్రరీకి వెళ్తే, కార్డు లేదు కాబట్టి బయటకు ఇవ్వం, ఇక్కడే చూసుకోమన్నారు. ఫోన్‌తో ఫొటో తియ్యనివ్వరు. కుర్చీలన్నీ నిండిపోయి ఉంటే, బీరువా పక్కన నిలబడి కిటికీ గట్టు మీద నోట్‌బుక్ పెట్టుకుని, స్కేలుతో గ్రాఫులు గీసుకుంటూ పేజీలకు పేజీలు ఎక్కించుకుంది. ఐదు కాగానే ఫ్యాన్లు కట్టేశారు. ‘అక్కా, మిగతాది రేపొచ్చి రాసుకుంటాను, ఈలోపు ఎవరూ తీసుకెళ్లరు కదా’ అని నన్నడిగింది. ఏమని చెప్పను? ఉన్నది ఒకే కాపీ.

మిగతావాళ్లు జిరాక్స్ షాపుకు పోతారు. పుస్తకాలకు పుస్తకాలే స్పైరల్ బైండింగ్ చేసి అక్కడ దొరుకుతాయి. కాపీకి కాపీ తీసినవి కాబట్టి గ్రాఫుల్లో ఏ గీత ఎటు పోతోందో తెలియదు, ఫార్ములాల్లో చిన్న అంకెలు కనిపించవు. పోనీ విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు వెతుక్కుందామా అంటే, స్త్రీశక్తి వచ్చాక మాకు బస్సు చార్జీ బాధ లేదు, దానికి మీ ప్రభుత్వానికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. కానీ అక్కడ ఎక్కువగా ఇంజనీరింగ్ పుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలే ఉంటాయి. పీజీ పుస్తకం దొరకడం అదృష్టం. దొరికినా మాలాంటి ఇళ్లలో ఒక్కో పేపరుకూ పుస్తకం కొనిచ్చే స్తోమత ఎవరికుంది?

ఇక కార్డు వచ్చినవాళ్లకు దొరికే పుస్తకాల సంగతి. మా అరలో ఉన్న పబ్లిక్ ఫైనాన్స్ పుస్తకంలో జీఎస్టీ లేదు. జీఎస్టీ వచ్చింది 2017 జూలై 1న. ఇండియన్ ఎకానమీ పుస్తకంలో ఇంకా ప్రణాళికా సంఘమే నడుస్తోంది. దాని స్థానంలో నీతి ఆయోగ్ వచ్చింది 2015 జనవరి 1న. రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ పుస్తకం తెరిస్తే 23 జిల్లాల పటం. దాని వెనక అట్టకు అతికించిన గడువు చీటీ మీద ఆఖరి ముద్ర కూడా రాష్ట్ర విభజనకు ముందుదే. ఇవి చదివి మేం లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాయాలి. అక్కడ మమ్మల్ని అడిగేవి ఇప్పటి సంగతులు కదా సార్.

కొత్త పుస్తకాలు అసలు కొనరని నేను అనను. కొంటారు. మార్చి నెలాఖరుకు నిధులు మురిగిపోతాయన్నప్పుడు హడావుడిగా కొంటారు. వాటికి నంబర్లు వేసి, కంప్యూటర్లో ఎక్కించి, అరల్లో సర్దేసరికి ఆ బ్యాచ్ పరీక్షలు రాసి ఇళ్లకు వెళ్లిపోతుంది. ఏ పుస్తకాలు కావాలో పాఠం చెప్పే లెక్చరర్లను అడిగితే ఒక్క పూటలో జాబితా రాసిస్తారు. వాళ్లను అడిగే నాథుడు లేడు.

టైమింగ్స్ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే అమ్మాయిలం దీనితోనే ఎక్కువ నలిగిపోతున్నాం. మాకు క్లాసులు నాలుగున్నర దాకా ఉంటాయి. లైబ్రరీ ఐదుకు మూసేస్తారు. ఆదివారం సెలవు. అబ్బాయిల హాస్టల్ పక్కన రీడింగ్ రూమ్ ఉంది, రాత్రి పది దాకా అందులో లైట్లు వెలుగుతాయి. మాకు అలాంటిది లేదు. కిందటేడు గొడవ చేస్తే లైబ్రరీని రాత్రి ఎనిమిది దాకా తెరుస్తామన్నారు. పరీక్షల ముందు కొన్నాళ్లు తెరిచారు కూడా. కానీ మా హాస్టల్ గేటు ఏడింటికే మూసేస్తారు. వార్డెన్ మేడమ్‌ను బతిమాలితే లైబ్రరీ వాళ్ల దగ్గర నుంచి లెటర్ తెమ్మన్నారు. లైబ్రరీలో అడిగితే అది హాస్టల్ వాళ్ల విషయం, మేమెలా ఇస్తాం అన్నారు. ఈ రెండు ఆఫీసుల మధ్య తిరుగుతుండగానే పరీక్షలొచ్చేశాయి. గదిలో ఐదుగురం, ఒకటే ట్యూబ్‌లైటు. ఒకరు ఇంటికి ఫోన్ మాట్లాడుతుంటారు, ఒకరు తడి బట్టలు ఆరేస్తుంటారు, ఒకరికి తలనొప్పి, లైటు తీసెయ్యమంటుంది. మంచం మీద కూర్చుని ఒళ్లో పుస్తకం పెట్టుకుని ఎకనమెట్రిక్స్ లెక్కలు చెయ్యడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. మా క్లాసులో సగానికి పైగా అమ్మాయిలమే. మాకు భద్రత కావాలి, కాదనడం లేదు. లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా ఉన్న దారిలో నాలుగు లైట్లు వేసి, ఒక సెక్యూరిటీ ఆవిడను పెడితే భద్రతా ఉంటుంది, చదువూ ఉంటుంది.

పుస్తకాలు కొనడానికి డబ్బుల్లేవంటారు, సరే. మరి డబ్బు ఖర్చు లేకుండా వచ్చిన దాన్ని ఎందుకు వాడనివ్వరు? పరిశోధన పత్రికలను, అంటే జర్నల్స్‌ను, ఆన్‌లైన్‌లో చదువుకోనిచ్చే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి కేంద్ర కేబినెట్ 2024 నవంబరు 25న ఆమోదం ఇచ్చింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది పబ్లిషర్ల జర్నల్స్ దాదాపు 13,000 అందులో ఉన్నాయి. కేంద్ర సంస్థలకే కాదు, రాష్ట్ర ప్రభుత్వాల కింద ఉన్న యూనివర్సిటీలకూ కాలేజీలకూ ఇది వర్తిస్తుంది. అంటే మాకూ వర్తిస్తుంది. ఈ విషయం నాకు క్యాంపస్‌లో ఎవరూ చెప్పలేదు, హైదరాబాద్‌లో చదివే స్నేహితురాలు చెప్పింది. వెళ్లి అడిగితే ‘అది రీసెర్చ్ స్కాలర్లకు, పీజీ పిల్లలకు కాదు’ అన్నారు. విద్యార్థులకూ ఉందని పథకంలోనే ఉంది. కంప్యూటర్ల గదిలో సగం సిస్టమ్స్ ఆన్ కావు, ఆన్ అయినవాటికి నెట్ ఉండదు. హాస్టల్ నుంచి చూసుకుందామంటే లాగిన్ ఇచ్చేవాళ్లు లేరు. మూడేళ్ల పథకంలో ఒక్కో నెలా కరిగిపోతోంది సార్. 2027తో ఆ గడువు తీరిపోతుంది. ప్రాజెక్టు రిపోర్టు రాయాల్సిన ఏడాది మాకు ఇదే. ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకైతే ఈ పథకమే లేదు, వాళ్ల గురించి కూడా ఎవరైనా ఆలోచించాలి.

ఇది ఏ నేలో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో ఈ బెజవాడలోనే పుట్టింది. అయ్యంకి వెంకట రమణయ్య గారు జీవితమంతా ఆ పనికే ఇచ్చారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు వేసి కాలువ వెంట పల్లెలకు పంపారు. చదువుకునేవాళ్లు ఎక్కడుంటే అక్కడికి పుస్తకాన్ని మోసుకెళ్లారు ఆ పెద్దలు. మేం పుస్తకం దగ్గరికే నడిచి వెళ్తున్నాం, ఫీజు కట్టి మరీ వెళ్తున్నాం, అయినా చేతికివ్వడం లేదు. ఈ రోజుకీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను జనం కడుతూనే ఉన్నారు. మా నాన్న కూడా కడతాడు. ఆ పన్నుతో నడిచే ఊరి గ్రంథాలయాలకు పోదామా అంటే గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివేవాళ్లతో పొద్దున్నే నిండిపోతాయి, వాళ్ల అవసరమూ తక్కువది కాదు.

ఇందులో చెయ్యలేనిది ఏముందో మాకు అర్థం కావడం లేదు. ఇంట్లో కూర్చుని ‘మన మిత్ర’ వాట్సాప్‌లో సర్టిఫికెట్లు తీసుకునే రోజులు మీరే తెచ్చారు. అడ్మిషన్ నంబరు వచ్చిన పిల్లకు అదే రోజు తాత్కాలిక కార్డు ఇవ్వడం దానికంటే కష్టమా? తుది జాబితా వచ్చాక అసలు కార్డు ఇస్తారు. ఎవరైనా సీటు వదిలేసి వెళ్తే సర్టిఫికెట్లు మీ దగ్గరే ఉంటాయి, బాకీలేవీ లేవన్న నో డ్యూస్ కాగితం లేనిదే అవి ఇవ్వరు కదా. పుస్తకం ఎక్కడికీ పోదు.

దయచేసి ఒకసారి ఏదైనా క్యాంపస్ లైబ్రరీకి రండి. ముందుగా చెప్పి రావద్దు. చెప్పి వస్తే ముగ్గులు వేస్తారు, కంప్యూటర్లు ఎక్కడి నుంచో తెచ్చి పెడతారు. సాయంత్రం ఐదున్నరకు రండి. తాళం వేసిన తలుపు దగ్గర మెట్ల మీద కూర్చుని చదువుకునే పిల్లలు కనిపిస్తారు, వాళ్లను అడగండి.

మా కోరికలు పెద్దవి కావు. చేరిన రోజే కార్డు ఇప్పించండి. సిలబస్ పుస్తకాలు క్లాసులు మొదలయ్యే ముందే అరల్లో ఉండేలా చూడండి. లైబ్రరీ రాత్రి తొమ్మిది దాకా తెరవాలి, హాస్టల్ గేటు టైము దానికి తగ్గట్టు మారాలి. ఆ రెండు ఆఫీసుల చేత ఒకే కాగితం మీద సంతకం పెట్టించండి. జర్నల్స్‌కు లాగిన్లు పీజీ వాళ్లందరికీ ఇవ్వమని చెప్పండి. ఇవన్నీ ఒకేసారి కాకపోతే ముందు కార్డులైనా ఇప్పించండి సార్. వచ్చే ఏడాది నుంచి చేస్తామనొద్దు. మా జూనియర్లకు మొదటి సెమిస్టర్ ఇప్పుడే నడుస్తోంది, ఇంటర్నల్స్ దగ్గరపడుతున్నాయి. ఈ నెలలోనే ఉత్తర్వు ఇవ్వండి. ఇచ్చిన ఉత్తర్వు మా నోటీసు బోర్డు దాకా వచ్చిందో లేదో కూడా దయచేసి కనుక్కోండి.

కృతజ్ఞతలతో,
ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో సంవత్సరం విద్యార్థిని,
గుంటూరు