మూడు జిల్లాల అమ్మాయి, ఆకుపచ్చ సిరా

సంపాదకులకు నమస్కారం.

ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా పదకొండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆ పదకొండేళ్లలో గెజిటెడ్ అధికారిగా ఆకుపచ్చ సిరాతో ఎన్ని జిరాక్స్ కాగితాల మీద సంతకం పెట్టానో లెక్క లేదు. పోలీసు ఉద్యోగాలకో, గురుకులాలకో నోటిఫికేషన్ పడిందంటే మధ్యాహ్న భోజనం వేళ బడి వరండాలో పిల్లలు బారులు తీరేవారు. ఒరిజినల్ చూశాకే సంతకం పెట్టాలన్నది నియమం. మొదటి పది మందివి చూసేవాణ్ని. ఆ తర్వాత ముఖాలు చూసి పెట్టేసేవాణ్ని. ఈ సంగతి ఇన్నేళ్లకు ఒప్పుకోవడానికి కారణం ఉంది.

మా చిన్నమ్మాయి 2023లో ఎమ్మెస్సీ పూర్తి చేసింది. ఇప్పుడు వేరే రాష్ట్రంలో పరిశోధనకు సీటు వచ్చింది. ఒరిజినల్ పట్టా, వేరే విశ్వవిద్యాలయంలో చేరడానికి అడిగే మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి. తను చదివిన విశ్వవిద్యాలయం పేరు రాయడం లేదు. ఎవరు చదివినా తమ విశ్వవిద్యాలయం గురించే అనుకుంటారని నా నమ్మకం.

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, నాలుగు సెమిస్టర్ల మెమోలు, అన్నీ కలిపిన మార్కుల మెమో, ప్రొవిజనల్ (తాత్కాలిక పట్టా), టీసీ. మొత్తం తొమ్మిది. ప్రతి జిరాక్స్ మీదా గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలి. దరఖాస్తులు రెండు కాబట్టి రెండు సెట్లు, పద్దెనిమిది కాగితాలు. ఆ రెండు దరఖాస్తులూ చేరేది ఒకే గదిలో పక్కపక్కనే ఉన్న రెండు బల్లల మీదికి. పైగా తొమ్మిదింటిలో ఆరు ఆ విశ్వవిద్యాలయమే అచ్చు వేసి, సీలు కొట్టి ఇచ్చినవి. తన సంతకాన్ని తాను గుర్తుపట్టడానికి దానికి ఒక పశువైద్యాధికారి సాక్ష్యం కావలసి వచ్చింది. రిటైరైన నా సంతకం చెల్లదు కదా! ఆ వైద్యాధికారి నా పాత విద్యార్థి. "సార్, మీరు రావాలా, కబురు పెడితే నేనే వచ్చేవాణ్ని కదా" అంటూ కుర్చీ వేసి, మాట్లాడుతూనే పద్దెనిమిదింటి మీదా సంతకం పెట్టేశాడు. ఒక్క ఒరిజినల్ కూడా అడగలేదు. తప్పు పట్టలేకపోయాను, నా దగ్గర చూసి నేర్చుకున్నదే.

మా పల్లె ఏటూరునాగారం అవతల, గోదావరి ఒడ్డున ఉంది. హనుమకొండ దాకానే వంద కిలోమీటర్ల పైమాట, అక్కడి నుంచి మరో బండి ఎక్కాలి. తెల్లవారుజామున బయలుదేరి కౌంటరు దగ్గరికి చేరేసరికి పన్నెండు దాటింది. అమ్మాయి ముందుగా ఫోన్‌లో డిజిలాకర్ (సర్టిఫికెట్లు దాచుకునే ప్రభుత్వ యాప్) తెరిచి మెమోలు చూపించింది. వాటిని అందులో పెట్టింది ఆ విశ్వవిద్యాలయమే. డిజిలాకర్‌లో జారీ అయిన పత్రం అసలు పత్రంతో సమానమని సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం కింద చేసిన నిబంధనలు చెబుతున్నాయి, వాటిని అంగీకరించాలని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ కూడా విశ్వవిద్యాలయాలను కోరింది. కౌంటరులో ఉన్నాయన ఫోన్ వైపు ఒకసారి చూసి, "దీన్ని ప్రింటు తీయించి గెజిటెడ్ సంతకం పెట్టించండి" అన్నాడు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. అమ్మాయి పది పాసైంది 2016 వేసవిలో. అప్పుడు మాది వరంగల్ జిల్లా. ఆ ఏడాది దసరా నాడు కొత్త జిల్లాలు వచ్చాయి, మేము జయశంకర్ భూపాలపల్లిలో పడ్డాం. ఇంటర్ పాసైంది 2018లో, ఆ జిల్లాలోనే. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడింది, డిగ్రీ అయిపోయేసరికి ములుగు వాళ్లమయ్యాం. ఈ మధ్యలో మేము ఇల్లు మారలేదు, గుమ్మం కూడా మార్చలేదు. "మూడు కాగితాల్లో మూడు జిల్లాలున్నాయి, ఇవి ఒకే అమ్మాయివని ఎలా నమ్మాలి? మూడూ ఒకే ఊరని తహసీల్దారు దగ్గర సర్టిఫికెట్ తెండి" అన్నారు. జిల్లాలు మార్చింది ప్రభుత్వం, సంజాయిషీ చెప్పాల్సింది మా అమ్మాయి! తమాషా ఏమిటంటే ఆ దరఖాస్తులో అచ్చు వేసిన జిల్లాల జాబితాలో వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ ఇంకా ఉన్నాయి. 2021లోనే ఆ పేర్లు పోయి హనుమకొండ, వరంగల్ అయ్యాయి. ములుగు అందులో లేనే లేదు. అమ్మాయి పక్కన చేత్తో రాస్తే దానికీ అభ్యంతరం చెప్పారు.

కౌంటరులోని ఆయన మీద నాకు కోపం లేదు. ముగ్గురి పని ఒక్కడే చేస్తున్నాడు. "ఒక్క కాగితం తక్కువైనా రేపు ఆడిట్‌లో నన్నే అడుగుతారు సార్" అన్న మాటలో నిజముంది. నకిలీ సర్టిఫికెట్ల బెడదా నిజమే. కానీ దొంగ మెమో తయారు చేయగలిగినవాడికి ఆకుపచ్చ సిరా పెన్ను దొరకదా? హాల్‌టికెట్ నంబరు కొట్టి సొంత రికార్డులో చూస్తే రెండు నిమిషాల్లో నిజం తేలుతుంది. ఆ పని మాత్రం ఎవరూ చేయరు. గెజిటెడ్ సంతకాలు మాని స్వీయ ధ్రువీకరణతో సరిపెట్టాలని, అసలు పత్రాలు చివర్లో ఒకసారి చూస్తే చాలని కేంద్ర ప్రభుత్వం 2014లోనే చెప్పింది. విశ్వవిద్యాలయం తానే ఇచ్చిన ఆ ఆరు కాగితాలనైనా మళ్లీ మమ్మల్ని అడగకూడదు. ఏ పనికి ఏ పత్రాలు కావాలో, ఎన్ని రోజుల్లో ఇస్తారో గోడ మీద రాసి పెట్టాలి. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం తమ పని విధానాన్ని ఎవరూ అడగకముందే వెల్లడించడం వాళ్ల బాధ్యత కూడా.

తహసీల్దారు కార్యాలయానికి వెళ్లాం. అక్కడి అధికారి మర్యాదగా కూర్చోబెట్టి అంతా విన్నారు. మూడు జిల్లాలూ ఒకే ఊరని ధ్రువీకరించే సర్టిఫికెట్‌కు తమ దగ్గర నమూనా ఏదీ లేదట. ఏ నమూనాలో కావాలో విశ్వవిద్యాలయం నుంచి ఒక కాగితం రాయించుకుని రమ్మన్నారు. సోమవారం మళ్లీ తెల్లవారుజాము బస్సుకు బయలుదేరుతున్నాం.

– ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
ములుగు జిల్లా